రేజ్ ఇచ్చినా బోటు లేవడం లేదా? ఔట్‌బోర్డ్ మోటారు పవర్ ఎక్కడ పోతోంది

ఒడ్డు మీద తాడు లాగితే మోటారు వెంటనే స్టార్ట్ అవుతుంది, న్యూట్రల్‌లో చక్కగా తిరుగుతుంది. కెరటాలు దాటి లోపలికి వెళ్లి రేజ్ పెంచేసరికి మాత్రం నీరసపడిపోతుంది. ఉప్పాడ నుంచి సూర్యలంక దాకా చిన్న ఫైబర్ బోట్లకు వెనక బయటివైపు ఔట్‌బోర్డ్ మోటారు బిగించి వేటకు వెళ్లేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధే. ఆ తర్వాత జరిగేది కూడా తెలిసిందే: కార్బొరేటర్ విప్పి కడుగుతారు, ప్లగ్గులు మారుస్తారు, డ్రమ్ములో నీళ్లు పోసి నడిపి చూస్తారు, బాగానే ఉంటుంది. మర్నాడు సముద్రంలో మళ్లీ అదే నీరసం, డబ్బులు మాత్రం పోయాయి.

డ్రమ్ములో బాగుండటానికి కారణం ఉంది. అక్కడ మోటారు మీద బరువు లేదు. 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు ఫుల్ రేజ్‌లో బోటును తోస్తున్నప్పుడు గంటకు సుమారు నాలుగైదు లీటర్లు తాగుతుంది, ఊరికే తిరుగుతున్నప్పుడు అందులో చిన్న వంతు చాలు. పైపు సగం మూసుకుపోయినా ఆ కాస్త పెట్రోలు వచ్చేస్తుంది కాబట్టి లోపం బయటపడదు. స్పార్క్ సంగతీ అంతే: సిలిండర్‌లో ఒత్తిడి తక్కువున్నప్పుడు బలహీనమైన స్పార్క్ కూడా అంటుకుంటుంది, రేజ్ పెరిగి ఒత్తిడి పెరిగితే ఆరిపోతుంది. అందుకే పవర్ పోయే జబ్బును నీళ్ల మీద, బోటు బరువు పడుతున్నప్పుడే పట్టుకోవాలి. ఒకరు మోటారు దగ్గర హ్యాండిల్ పట్టుకుంటే ఇంకొకరు ట్యాంకు దగ్గర కూర్చోవాలి. సముద్రం ప్రశాంతంగా ఉన్న పూట ఒడ్డుకు దగ్గర్లో చూస్తే సరిపోతుంది.

ముందు స్పానర్ జోలికి పోకుండా మోటారు చప్పుడు వినాలి. బోటు వేగం పడిపోయినప్పుడు మోటారు చప్పుడు కూడా తగ్గిందా, లేక మోటారు గట్టిగా అరుస్తుంటే బోటు మాత్రం కదలడం లేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం వెతుకులాట తప్పుతుంది. చప్పుడు పెరిగి వేగం తగ్గితే ఇంజిన్ బాగానే ఉంది, తయారైన బలం నీటికి అందడం లేదు. చప్పుడు కూడా పడిపోతే ఇంజిన్‌కే ఏదో తక్కువైంది, లేదంటే దాన్ని ఏదో వెనక్కి లాగుతోంది. ఈ తేడా చూడకుండా కార్బొరేటర్ విప్పితే చీకట్లో వెతికినట్టే. చెవి మీద నమ్మకం లేకపోతే ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న ఆర్‌పీఎం మీటర్లు దొరుకుతాయి. చిన్న మోటార్లు ఫుల్ రేజ్‌లో మోడల్‌ను బట్టి 4,500 నుంచి 6,000 మధ్య తిరగాలి, కచ్చితమైన అంకె మోటారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

మోటారు అరుస్తూ బోటు కదలకపోతే ఫ్యాను, అంటే నీటిని వెనక్కి తోసే ప్రొపెల్లర్ దగ్గరే చూడాలి. ఫ్యాను మధ్యలో ఇత్తడి గొట్టానికీ బయటి రెక్కలకీ నడుమ రబ్బరు బుష్ ఉంటుంది. రాయికో ఇసుక తిన్నెకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా ఆ రబ్బరు జారుతుంది, అది దాని పని. కొన్నాళ్లకు పట్టు వదిలేసి, తగలకపోయినా జారడం మొదలుపెడుతుంది. నెమ్మదిగా వెళ్తే ఏమీ తెలియదు, రేజ్ ఇవ్వగానే బైకు క్లచ్ అరిగిపోయినట్టు ఇంజిన్ పరుగెడుతుంది, బోటు ఆగిపోతుంది. దీన్ని తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. ఫ్యాను వెనక భాగం పొడిగా తుడిచి, లోపలి ఇత్తడి గొట్టం మీద నుంచి బయటి ఫ్యాను దాకా ఒకే గీత పెయింటుతో గీయాలి. పెయింటు ఆరాక నీళ్లలో ఫుల్ రేజ్ ఇచ్చి తిరిగి వచ్చి చూస్తే, గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయినట్టే. గీత కలిసే ఉంటే ఆ అనుమానం వదిలేయొచ్చు. కొన్ని చిన్న మోటార్లలో బుష్‌కు బదులు విరిగే పిన్ను ఉంటుంది, అది విరిగితే బోటు అసలు కదలదు కాబట్టి సందేహమే రాదు.

మిగతా కారణం గాలి. మోటారు మరీ పైకి బిగిస్తే, లేదా బయటికి ఎక్కువ వంగి ఉంటే, ఫ్యాను నీటితో పాటు గాలి లాక్కుని ఊరికే తిరుగుతుంది. ఫ్యానుకు కాస్త పైన ఉండే అడ్డ ప్లేటు బోటు అడుగుకు సమానంగానో, ఒక అంగుళం వరకు కిందనో ఉండాలి. ప్లాస్టిక్ సంచి, వల ముక్క చుట్టుకుంటే ఒక్కోసారి ఇలాగే గాలి లాగుతుంది, ఎక్కువగా చుట్టుకుంటే ఇంజిన్‌నే నొక్కేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు మునిగినప్పుడు జనం కోసం బోట్లు తిరగాల్సి వచ్చింది. అలాంటి ముంపు నీటిలో సంచులు, గుడ్డలు, కేబుల్ వైర్లు ఏవైనా ఉండొచ్చు కాబట్టి, పవర్ తగ్గగానే మోటారు ఆపి, పైకెత్తి ఫ్యాను చూడటమే అక్కడ మొదటి పని.

ఇక ఎక్కువగా జరిగేది రెండోది, చప్పుడే పడిపోవడం. ఇక్కడ అనుమానం మొదట పెట్రోలు దారి మీద పడాలి, అదీ కార్బొరేటర్ కంటే ముందు ట్యాంకు దగ్గర. ట్యాంకు మూత మీద చిన్న గాలి స్క్రూ ఉంటుంది. దాన్ని తెరవడం మర్చిపోతే మోటారు కాసేపు బాగానే నడుస్తుంది. పెట్రోలు తగ్గే కొద్దీ లోపలికి గాలి రాక, ట్యాంకు పీల్చుకుపోయి, పదీ పదిహేను నిమిషాలకు మోటారు నీరసపడుతుంది. ఆపి కాసేపు ఉంచితే మళ్లీ కొంచెం దూరం పోతుంది. తెరిచే ఉన్నా ఉప్పు, మురికి పట్టి ఆ రంధ్రం పూడిపోతుంటుంది. మూత కొంచెం వదులు చేసి నడిపితే విషయం తేలిపోతుంది.

ఆ తర్వాత చేతి బల్బు. పైపు మధ్యలో ఉండే ఈ రబ్బరు బల్బును చాలామంది స్టార్ట్ చేసేటప్పుడు నాలుగుసార్లు నొక్కి వదిలేస్తారు. నిజానికి పెట్రోలు దారిలో ఎక్కడ తేడా ఉందో చెప్పగలిగేది అదే. మోటారు నీరసపడిన క్షణాన, ఆపకుండా, ట్యాంకు దగ్గర కూర్చున్న మనిషి బల్బును చేత్తో పట్టుకోవాలి. బల్బు చదునుగా నొక్కుకుపోయి ఉంటే దానికి ముందు, అంటే ట్యాంకు వైపు అడ్డు ఉంది: గాలి స్క్రూ, ట్యాంకులోపలి జల్లెడ, లేదా ఆ వైపు పైపు. బల్బు నొక్కుతుంటే మోటారు మళ్లీ అందుకుని, నొక్కడం ఆపగానే పడిపోతుంటే పెట్రోలు పంపు చాలడం లేదు, లేదా ఎక్కడో గాలి లోపలికి పోతోంది. ఎంత నొక్కినా గట్టిపడకుండా మెత్తగానే ఉంటే లోపలి వాల్వు పాడైంది, లేదా ఎక్కడో కారుతోంది. నొక్కినా ఏ మార్పూ లేకపోతే కార్బొరేటర్ లోపల పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు జెట్టో, స్పార్కో చూడాలి. బల్బు మీద బాణం గుర్తు మోటారు వైపు ఉందో లేదో కూడా ఒకసారి చూడండి, పైపు మార్చినప్పుడు తిరగేసి బిగించడం జరుగుతుంటుంది. నాలుగైదు హార్స్‌పవర్ లోపు మోటార్లలో చాలావాటికి పైనే సొంత ట్యాంకు ఉంటుంది, వాటికి బల్బు ఉండదు. అక్కడ గాలి స్క్రూ, పెట్రోలు కుళాయి, జల్లెడ చూస్తే సరి.

పైపు విషయంలో కంటికి కనబడనిది ఒకటుంది. పైకి కొత్తగా ఉన్నా లోపలి పొర పెట్రోలుకు ఉబ్బి విడిపోతుంది, మోటారు గట్టిగా పీల్చినప్పుడు ఆ పొర లోపలికి ముడుచుకుని దారి మూసేస్తుంది. ఆపగానే మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి విప్పి ఊదితే గాలి బాగానే పోతుంది, పైపు మంచిదే అనిపిస్తుంది. ఇలాంటప్పుడు పైపు, బల్బు, రెండు చివర్ల కనెక్టర్లు అన్నీ ఒకేసారి మార్చేయడం చౌక. కనెక్టర్లో చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది చిట్లితే పెట్రోలు బయటికి కారకపోయినా గాలి లోపలికి పోతుంది. అనుమానమైతే పంపుకు ముందు జానెడు పారదర్శక పెట్రోలు పైపు పెట్టి నడిపి చూడండి, నడుస్తున్నప్పుడు బుడగలు వరుసగా పోతుంటే గాలి లాగుతున్నట్టే.

ఇంత ఓపిక లేకపోతే వేరేవాళ్ల బోటులో బాగా పనిచేస్తున్న ట్యాంకు, పైపు, బల్బు అన్నీ కలిపి అడిగి తెచ్చుకుని తగిలించి, తాజా పెట్రోలుతో నడిపితే చాలు, కనెక్టర్ సరిపోవాలి అంతే. జబ్బు పోతే మోటారు తప్పేమీ లేదు. జబ్బు ఉంటే ట్యాంకు వైపు చూడక్కర్లేదు. అరగంటలో తేలిపోయే ఈ పరీక్షను మొట్టమొదట చేయకుండా కార్బొరేటర్‌కు స్క్రూడ్రైవర్ పెట్టడం తొందరపాటే అనాలి.

పెట్రోలు గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మామూలైపోయింది. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీల పుస్తకాల్లో 10 శాతం దాకా వాడొచ్చనే ఉంటుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది, సముద్రం మీద తేమకు కొదవ లేదు. ఎక్కువ నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి, మోటారు పీల్చుకునేది అడుగు నుంచే. టూ స్ట్రోక్‌లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే కలిపిన ఆయిలు పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది, అడుగు పొరలో ఆయిలు దాదాపు ఉండదు. ట్యాంకు అడుగు నుంచి కాస్త తీసి గాజు సీసాలో పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొరగానీ, నీటి గుండ్లుగానీ కనిపిస్తే ఆ పెట్రోలు మోటారులో పోయకూడదు. పైగా లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. జెట్టు సైజు మారదు కాబట్టి పాత మోటారు కొంచెం ఎండి, అంటే గాలికి తగినంత పెట్రోలు అందక నడుస్తుంది, వేడెక్కుతుంది. పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకుండా, వారానికి సరిపడా కొని వాడటం మంచిది.

ఇక కార్బొరేటర్. న్యూట్రల్‌లో బాగుండి ఫుల్ రేజ్‌లో పడిపోతే మెయిన్ జెట్ వైపు, ఫుల్‌లో బాగుండి నెమ్మదిగా తిరగకపోతే చిన్న జెట్ వైపు అనుమానించాలి. రేజ్‌లో పడిపోతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగి చూడండి: మోటారు పుంజుకుంటే పెట్రోలు చాలడం లేదు, ఇంకా మునిగిపోతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువైంది లేదా స్పార్క్ బాగాలేదు. జెట్లు కడిగేటప్పుడు ఇనుప తీగ దూర్చకూడదు. జెట్టు ఇత్తడిది, రంధ్రం రవ్వంత పెద్దదైతే మిశ్రమం మారిపోతుంది, కార్బొరేటర్ క్లీనర్ కొట్టి గాలితో ఊదాలి. పెట్రోలు పంపులో అటూ ఇటూ కదిలే పల్చటి పొర, డయాఫ్రమ్ కూడా ఇక్కడే చూడాలి. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసులో కొట్టుకునే ఒత్తిడితోనే ఇది కదులుతుంది, సూదిమొనంత చిల్లు పడినా ఫుల్ రేజ్‌కు పెట్రోలు అందదు. వెలుతురుకు పట్టి చూస్తే ఆ చిల్లు కనిపిస్తుంది. డయాఫ్రమ్ కిట్ పెద్ద ఖరీదు కాదు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గిందంటే ఆయిలు కూడా తగ్గినట్టే. నీరసపడిన మోటారును ఎలాగైనా ఒడ్డుకు చేర్చాలని ఫుల్ రేజ్‌లో ఈడిస్తే పిస్టన్ గీసుకుపోయి సీజ్ అవుతుంది. పది రూపాయల రబ్బరు రింగుతో పోయేది బోరు పనిదాకా వస్తుంది. రేజ్ తగ్గించి, బల్బు నొక్కుకుంటూ మెల్లగా రావాలి. ఆయిలు కూడా బైకు టూ టీ కాకుండా, డబ్బా మీద టీసీ-డబ్ల్యు3 అని రాసి ఉన్న బోటు ఆయిలే వాడాలి. ఎక్కువ మోటార్లకు 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకు 480. మంచిదని ఇంకాస్త ఎక్కువ పోస్తే ప్లగ్గులు నల్లబడి, మసి పట్టి, అదే పవర్ తగ్గడానికి కారణమవుతుంది.

స్పార్క్ సంగతి. రెండు సిలిండర్ల మోటారులో ఒకటి ఆగిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, వణుకుతూ, సగం బలంతో. నడిపి ఆపిన వెంటనే ప్లగ్గులు విప్పితే ఒకటి పొడిగా గోధుమరంగులో, ఇంకొకటి తడిగా నల్లగా కనిపిస్తుంది. తడిగా ఉన్న సిలిండర్ పనిచేయడం లేదు. రెండు ప్లగ్గులూ అటూ ఇటూ మార్చి నడపండి, జబ్బు ప్లగ్గుతో పాటు పక్క సిలిండర్‌కు పోతే ప్లగ్గే మార్చాలి, అదే సిలిండర్‌లో ఉండిపోతే కాయిల్, వైరు, క్యాప్ చూడాలి. మోటారు నడుస్తుండగా ప్లగ్గు క్యాప్ చేత్తో లాగి చూసే అలవాటు మానుకోవాలి. షాక్ కొడుతుంది, స్పార్క్‌కు దారి లేక, స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె సీడీఐ యూనిట్ కూడా పోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, ఇరవై నిమిషాలకు మిస్ కొట్టి, చల్లారాక మళ్లీ బాగుంటే కాయిల్ లేదా సీడీఐ మీద అనుమానం పెట్టుకోవచ్చు. అదే లక్షణం మూసుకుపోయిన గాలి స్క్రూకీ ఉంటుంది, అందుకే ఎలక్ట్రికల్ సామాను కొనే ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడమనేది. తడిసి తుప్పుపట్టిన కిల్ స్విచ్ (మోటారు ఆపే స్విచ్) కూడా మిస్సింగ్ తెప్పిస్తుంది. దాని వైరు తీసి నడిపితే తెలుస్తుంది, అప్పుడు మోటారు ఆపడానికి చోక్ లాగాలని మాత్రం ముందే గుర్తుంచుకోవాలి.

నీటి ధార ఒకసారి చూడాలి. మోటారును చల్లబరిచి వెనక నుంచి పడే ఆ ధార సన్నబడితే, వేడిగా ఆవిరితో వస్తే, లోపల నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలు అరిగి ఉండొచ్చు. ఇసుక తీరాల్లో బోటును ఒడ్డుకు లాగేచోట ప్రతిసారీ ఇసుక నీటిని పీల్చే మోటారుకు ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చడం ఎక్కువేం కాదు. కొన్ని మోడళ్లు వేడెక్కితే వాటంతటవే 2,000 ఆర్‌పీఎం దగ్గరికి దిగిపోతాయి, పవర్ పోయిందని జనం పొరబడేది దీన్ని చూసే. ధార అసలు రాకపోతే మాత్రం ముందు ఆ రంధ్రంలో వల నైలాన్ దారం ముక్క దూర్చి చూడండి. ఒక్కోసారి అక్కడ ఉప్పు గడ్డో ఇసుక రేణువో అడ్డుపడి ఉంటుంది, పంపు బాగానే ఉంటుంది.

ఇవన్నీ బాగున్నా బోటు బరువుగానే ఉంటే తప్పు బోటుదే కావచ్చు. అడుగుకు పట్టిన గుల్లలు, ఫైబర్ పగుళ్లలోంచి లోపలి ఫోమ్‌లోకి చేరిన నీరు, ఏడాది కిందటి కంటే పెరిగిన వల బరువు, ఇవేవీ మోటారు విప్పితే కనబడవు. పై కవర్ తీసి, హ్యాండిల్ ఫుల్ తిప్పినప్పుడు కార్బొరేటర్ రెక్క పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడటం కూడా మర్చిపోవద్దు. సాగిన కేబుల్ వల్ల మూడొంతులే తెరుచుకుంటుంటే ఎన్ని జెట్లు కడిగినా ఫలితం ఉండదు.

అన్నింటికీ చివర కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి. గేజీతో కొలిస్తే రెండు సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటకూడదు. దాటితే రింగులు, బోరు, హెడ్ గ్యాస్కెట్ పనే, అది ఒడ్డు మీద తేలేది కాదు. దీన్ని చివర పెట్టడానికి కారణం, దీనికయ్యే ఖర్చుతో పైన చెప్పిన సామానంతా కొనొచ్చు.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. జూన్ 15న వేటకు దిగగానే రేజ్ అందుకోని మోటారు ఉందంటే, ఏప్రిల్‌లో దాన్ని పెట్రోలుతోనే మూలన పెట్టి ఉంటారు. రెండు నెలల్లో కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురై జెట్లలో గడ్డకడుతుంది. నిషేధానికి ముందు చివరి వేట నుంచి వచ్చాక మంచినీళ్లు తగిలించి నడిపి, పైపు ఊడదీసి దానంతట అది ఆగేదాకా వదిలేయాలి. గిన్నె కింద స్క్రూ తిప్పి మిగిలిన చుక్కలు కూడా దించేయాలి. ప్లగ్గులు విప్పి కాస్త ఆయిలు వేసి, తాడు రెండుమూడుసార్లు మెల్లగా లాగి, ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. అదే రోజు గేరు ఆయిలు కూడా దించితే, పాలలా తెల్లగా వచ్చిందంటే ఫ్యాను వెనక సీలు నుంచి నీరు లోపలికి పోతోంది. ఫ్యాను విప్పి షాఫ్టు చుట్టూ చూడండి, సీలును కోసిన నైలాన్ దారం చుట్ట అక్కడే ఉండొచ్చు. సీలు మార్చి కొత్త ఆయిలు పోసిన తర్వాతే మోటారును మూలన పెట్టాలి.